ప్రణాళిక గీయకముందే పరిశోధకులను పిలవాలి

సంపాదకులకు నమస్కారం.

నగరాల గురించిన వార్తలు సాధారణంగా రెండు వేర్వేరు పుటల్లో కనిపిస్తాయి. వడగాడ్పుల మరణాలు, పిల్లల్లో పెరుగుతున్న ఉబ్బసం, చిన్న వయసులోనే మధుమేహం, రోడ్డు ప్రమాదాల్లో పాదచారుల మృతి ఒక పుటలో వస్తాయి. రహదారి విస్తరణ, కొత్త లేఅవుట్లకు అనుమతులు, మాస్టర్ ప్లాన్ సవరణ, పార్కులకు స్థలాల కేటాయింపు మరో పుటలో వస్తాయి. మొదటి పుటలోని జబ్బుల మూలాలు చాలావరకు రెండో పుటలోని నిర్ణయాల్లో ఉన్నాయని ప్రజారోగ్య శాస్త్రం దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపాలో ఆరోగ్య నగరాల ఉద్యమాన్ని 1986లోనే ప్రారంభించింది. అయినా ఆ శాస్త్రాన్ని అధ్యయనం చేసేవారూ, ఆ నిర్ణయాలపై సంతకాలు చేసేవారూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం నేటికీ అరుదుగానే జరుగుతోంది. వారు కలవాలని అందరూ అంటారు. ఎప్పుడు కలవాలన్నదాని గురించి మాత్రం పెద్దగా చర్చ జరగడం లేదు. నా ఆవేదన దాని గురించే.

ఇప్పుడు చాలా నగరాల్లో నడుస్తున్న తీరు ఇది. ముందు ప్రణాళిక సిద్ధమవుతుంది. అంచనాలు, టెండర్లు, పనులు ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి. అంతా పూర్తయిన కొన్నేళ్లకు ఏ విశ్వవిద్యాలయ బృందమో వచ్చి సర్వే చేసి, రోడ్డు వెడల్పయ్యాక నడిచేవారు తగ్గిపోయారనో, చెట్లు పోయిన వీధుల్లో వేడి పెరిగిందనో ఒక పరిశోధన పత్రం ప్రచురిస్తుంది. అప్పటికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది. ఆ పత్రం చేతికి అందిన అధికారికి అది తన మీద మోపిన అభియోగంలా తోస్తుంది. అందకపోతే పరిశోధకులకు తమ శ్రమంతా అరణ్యరోదన అయిందన్న నిస్పృహ మిగులుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉందని నేను అనుకోను. లోపం పనుల వరుసలో ఉంది. ఏ ప్రశ్నకు సమాధానం కావాలో నిర్ణయించే వేళ పరిశోధకులు అక్కడ లేరు. వారు తమంతట తాము ఎంచుకున్న ప్రశ్నేమో నగరపాలక సంస్థకు అక్కరకు వచ్చేది కాదు.

వరుస సరిగ్గా ఉంటే ఏం తెలుసుకోవచ్చో చూడాలంటే ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని పెర్త్ నగరాన్ని గమనించాలి. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం 1998లో కొత్త కాలనీల రూపకల్పనకు ఒక మార్గదర్శక విధానాన్ని తెచ్చింది. వీధులు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలని, దుకాణాలు, బస్ స్టాపులు, పార్కులు నడిచి చేరుకోగల దూరంలో ఉండాలని, కాలిబాటలు తప్పనిసరిగా ఉండాలని ఆ విధానం చెబుతుంది. అది నిజంగా మనుషుల అలవాట్లను మారుస్తుందా అని తేల్చడానికి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ‘రిసైడ్’ అనే అధ్యయనాన్ని మొదలుపెట్టారు. దాని విలువంతా అది మొదలైన సమయంలో ఉంది. 70కి పైగా కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకుంటున్నవారిని, ఆ ఇళ్లలోకి చేరకముందే కలిసి, అప్పటికి వారు వారంలో ఎంత నడుస్తున్నారో నమోదు చేశారు. చేరిన తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. ‘నడక ఇష్టమున్నవారే నడవడానికి వీలైన చోటు వెతుక్కుని వెళ్లారేమో’ అన్న సందేహానికి ఎంతో కొంత జవాబు చెప్పగలిగే పద్ధతి ఇది.

ఆ అధ్యయనం నుంచి 2014లో వెలువడిన ఒక విశ్లేషణ రెండు సంగతులు చెప్పింది. కాలనీలో విధానం అమలు 10 శాతం పెరిగినప్పుడల్లా, అక్కడివారు తమ పనుల మీద నడిచి వెళ్లే అవకాశం 53 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది అందరూ ఉటంకించే సంఖ్య. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది రెండోది. కాగితం మీదున్న విధానంలో నేల మీదికి దిగింది సగటున 47 శాతమే. ఒక్కో లేఅవుటును ఒక్కో ఫైలుగా పరిశీలించి అనుమతి ఇచ్చే అధికారికి ఈ 47 ఎన్నడూ కనబడదు. ఒక చోట కాలిబాటకు మినహాయింపు ఇచ్చి ఉంటారు, మరోచోట దుకాణాల స్థలం తర్వాతి దశకు వాయిదా పడి ఉంటుంది, ఇంకోచోట వీధి చివర మూసేసి ఉంటారు. విడివిడిగా చూస్తే ప్రతి మినహాయింపుకూ ఒక కారణం దొరుకుతుంది. అన్నింటినీ కలిపి కొలిచేవారు ఉంటేనే విధానంలో సగానికి పైగా జారిపోయిందని తెలుస్తుంది. అలా కొలవడం బయటివారు ఒంటరిగా చేయగలిగే పని కూడా కాదు. ఏ నిబంధన వెనుక ఏ ఉద్దేశం ఉందో, ఏ సడలింపు ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో తెలిసిన ప్రణాళిక అధికారులు పక్కన ఉండి వివరించాలి. ఇక ఈ కొలత లేకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. సగం మాత్రమే అమలైన విధానం ఫలితం ఇవ్వకపోతే విధానమే తప్పని తేల్చి పక్కన పడేస్తారు, పూర్తిగా అమలు చేసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఎవరికీ రాదు.

పనికి ముందు కొలవడం గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే సహకారంలో అన్నింటికన్నా చవకైనదీ, అన్నింటికన్నా ఎక్కువగా విస్మరణకు గురవుతున్నదీ ఇదే. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో చెత్తతో, పిచ్చిమొక్కలతో నిండిపోయిన ఖాళీ స్థలాలు వేలల్లో ఉండేవి. వాటిలో 541 స్థలాలను ఎంచుకుని పరిశోధకులు లాటరీ పద్ధతిలో మూడు భాగాలు చేశారు. మొదటి భాగంలోని స్థలాల్లో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి పెంచి, కొన్ని చెట్లు నాటి, చుట్టూ పొట్టి కొయ్య కంచె కట్టించారు. రెండో భాగంలో చెత్త తీసి ఊరుకున్నారు. మూడో భాగాన్ని అలాగే వదిలేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పచ్చదనం పెంచిన స్థలాల దాపున ఉన్నవారిలో తమకు కుంగుబాటుగా ఉంటోందని చెప్పడం 40 శాతానికి పైగా తగ్గింది. చెత్త మాత్రమే తీసినచోట మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పేద పరిసరాల్లో స్థలాలను బాగుచేసిన చోట తుపాకీ హింస సైతం 29 శాతం తగ్గింది. చెత్త ఎత్తివేయడానికీ, నాలుగు చెట్లు నాటడానికీ మధ్య ఇంత తేడా ఉంటుందని ఏ ఇంజినీరింగ్ అంచనా పత్రమూ ముందుగా చెప్పలేదు.

దీని నుంచి ప్రతి నగరమూ గ్రహించదగిన విషయం ఒకటుంది. నిధుల కొరత వల్ల ఏ పథకమూ అన్ని వార్డుల్లో ఒకేసారి మొదలు కాదు. కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల తర్వాత జరగడం తప్పదు. ఆ ముందువెనకలను పలుకుబడికి వదిలేయకుండా, పరిశోధకులతో కలిసి పద్ధతి ప్రకారం నిర్ణయిస్తే, అదనపు ఖర్చు పెద్దగా లేకుండానే నగరానికి నమ్మదగిన సమాధానం దొరుకుతుంది. కాకపోతే ఆ మాట పనుల ఉత్తర్వు వెలువడకముందు అనుకోవాలి. ఉత్తర్వు వెలువడ్డాక ఎంత పేరున్న శాస్త్రవేత్తను పిలిచినా గడిచిపోయిన రోజులను ఆయన కొలవలేడు.

మన దేశంలో ఇటువంటి సహకారానికి ఉదాహరణ లేకపోలేదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలుగా జరిగే మరణాల కన్నా 1,344 మరణాలు అదనంగా సంభవించాయని ఆ తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. వడదెబ్బ అని ధ్రువపత్రంలో రాసే మరణాలు ఎప్పుడూ అసలు సంఖ్యలో చిన్న భాగమే కాబట్టి, నగరంలో నమోదైన మొత్తం మరణాలను గత సంవత్సరాలతో పోల్చి చూస్తేనే ఈ తీవ్రత బయటపడింది. ఆ నగరపాలక సంస్థ, గాంధీనగర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అమెరికాకు చెందిన నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్, మరికొన్ని సంస్థలు కలిసి 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేసవి తాప కార్యాచరణ ప్రణాళికను రూపొందించాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ రంగు హెచ్చరిక జారీ చేయాలి, హెచ్చరిక రాగానే ఏ విభాగంలో ఎవరు ఎవరికి సమాచారం ఇవ్వాలి, ఆసుపత్రులు ఏం సిద్ధం చేసుకోవాలి అన్న వివరాలు అందులో ఉన్నాయి. ప్రణాళిక అమలయ్యాక ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని 2018లో ఒక అధ్యయనం అంచనా వేసింది.

అదే నగరంలో జరిగిన మరో చిన్న పరిశీలన నన్ను ఎక్కువగా కదిలించింది. ఒక ఆసుపత్రిలో ప్రసూతి వార్డు పై అంతస్తులో, కప్పు కింద ఉండేది. 2010 వేసవిలో వేడి తాళలేక తీవ్ర చికిత్స విభాగంలో చేరిన నవజాత శిశువుల రికార్డులను వైద్య పరిశోధకులు పరిశీలించారు. వార్డును కింది అంతస్తుకు మార్చాక అలాంటి చేరికలు తగ్గినట్టు తేలింది. అంతస్తు మార్చడానికి కొత్త చట్టం అవసరం లేదు, పెద్ద నిధులూ అవసరం లేదు. ఒక రికార్డును శ్రద్ధగా చదివే మనిషి, ఆ మాట విని గది మార్చగల అధికారి, ఇద్దరూ ఒకరికొకరు అందుబాటులో ఉంటే చాలు. నగర ప్రణాళికలో ఇటువంటి నిర్ణయాలు వందల సంఖ్యలో ఉంటాయి. బస్సు కోసం ఎదురుచూసేవారికి నీడ ఎటువైపు పడాలి, అంగన్‌వాడీ ఏ వీధిలో ఉండాలి, కూడలిలో పాదచారుల సిగ్నల్ ఎన్ని సెకన్లు వెలగాలి అన్నవి అలాంటివే. వాటిలో ఏదీ ముఖ్యమంత్రుల స్థాయికి వెళ్లే విషయం కాదు, కానీ ప్రతిదాని వెనుకా ఎవరో ఒకరి ఆరోగ్యం ఉంది.

పరిశోధకుల వైపు లోపాలను కూడా దాచకుండా చెప్పాలి. అధికారికి కావలసిన సమాధానం మీటర్లలో, నిమిషాల్లో, అంతస్తుల్లో ఉంటుంది. పరిశోధకులు ఇచ్చే సమాధానం తరచుగా గణాంక సంబంధాల్లో ఉండి, ‘ఇంకా అధ్యయనం అవసరం’ అన్న వాక్యంతో ముగుస్తుంది. శాస్త్రానికి ఆ జాగ్రత్త అవసరమే, కానీ గురువారం నాటికి ఫైలు కదలాల్సిన అధికారికి దానితో పని జరగదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2003లో చేసిన చట్టం ఇక్కడ గుర్తుకు వస్తుంది. పెద్ద రహదారుల పక్కన పెరిగే పిల్లల ఊపిరితిత్తులపై వాహనాల పొగ ప్రభావం గురించి ఎన్నో పరిశోధనలు వచ్చాక, ఫ్రీవేకు 500 అడుగుల లోపల కొత్త ప్రభుత్వ పాఠశాల కట్టకూడదని, కొన్ని మినహాయింపులతో, ఆ చట్టం నిర్దేశించింది. పొగ 501వ అడుగు దగ్గర ఆగిపోదని శాస్త్రవేత్తలందరికీ తెలుసు. అయినా ఒక గీత గీయడానికి ఒప్పుకున్నారు కాబట్టే అది స్థలం ఎంచుకునే అధికారి చేతిలో పనిముట్టు అయింది. అందుబాటులో ఉన్న ఆధారాలతో ఇప్పటికి ఇక్కడ గీత గీయవచ్చని, కొత్త ఆధారాలు వస్తే జరపవచ్చని ధైర్యంగా చెప్పగలిగే పరిశోధకులు నగరాలకు కావాలి. పాదచారులూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల గంటకు 30 కిలోమీటర్ల వేగ పరిమితి ఉండాలని 2020లో స్టాక్‌హోమ్‌లో వెలువడిన అంతర్జాతీయ ప్రకటన కూడా అలా గీసిన గీతే.

అధికారుల వైపు ఉన్న ప్రధానమైన అడ్డంకి భయం. గణాంకాలు బయటికి ఇస్తే వాటితో తమనే నిలదీస్తారని వారు అనుకుంటారు. ఆ భయం అకారణమని నేను అనను. కానీ సమాచారం దాచడం వల్ల నిజం ఆగిపోదని, ఆలస్యం మాత్రమే అవుతుందని, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది పిల్లలని ఫ్లింట్ నగర ఉదంతం చూపించింది. అమెరికాలోని ఆ నగరంలో 2014 ఏప్రిల్‌లో తాగునీటిని నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టి, పైపులు తుప్పు పట్టకుండా చేయాల్సిన శుద్ధిని చేయలేదు. పైపుల్లోని సీసం నీళ్లలో కలిసింది. పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా 2015 సెప్టెంబరులో పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో ప్రకటించినప్పుడు రాష్ట్ర అధికారులు మొదట ఆ లెక్కలను తోసిపుచ్చారు. కొద్ది రోజులకే ఆమె చెప్పింది నిజమని ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్టోబరులో నీటి వనరును తిరిగి మార్చారు. వైద్యులు, పరిశోధకులు, నీటి సరఫరా అధికారులు మొదటి నుంచీ ఒకరి అంకెలు ఒకరు చూసుకునే ఏర్పాటు ఉండి ఉంటే ఆ పిల్లలు అన్ని నెలలు ఆ నీళ్లు తాగాల్సిన అవసరం వచ్చేది కాదు.

సమాచారం విషయంలో మరొక సంగతి. కొలతలు లేని చోట జబ్బు లేదనుకోవడం నగరపాలనలో తరచుగా జరిగే పొరపాటు. గాలి నాణ్యతను కొలిచే యంత్రాలు ఎక్కడ పెట్టారన్నది చూడండి. ఇరుకు బస్తీల్లో, పరిశ్రమల పక్కన, లారీలు ఆగే చోట్ల అవి ఉన్నాయా లేదా అన్నది ముందు తేలాలి. గాలిలోని 2.5 మైక్రాన్ల సూక్ష్మ ధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వార్షిక సగటు పరిమితిని ఘనపు మీటరుకు 10 నుంచి 5 మైక్రోగ్రాములకు తగ్గించింది. ఏ వీధి ఆ పరిమితికి ఎంత దూరంలో ఉందో తెలియకుండా ఆ వీధిలో ఏం కట్టాలో నిర్ణయించడం న్యాయం కాదు. యంత్రాల స్థానాలను నిర్ణయించడంలోనే పరిశోధకులతో పాటు ఆయా బస్తీల ప్రజలకూ చోటు ఉండాలి.

ప్రజల ప్రస్తావన వచ్చింది కాబట్టి స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం గురించి రెండు మాటలు. తొమ్మిది భవన సముదాయాలను కలిపి ఒక సూపర్‌బ్లాకుగా చేసి, లోపలి వీధుల్లో వాహనాలను బాగా తగ్గించి, ఆ జాగాను నడకకూ, ఆటలకూ, చెట్లకూ ఇవ్వాలన్న ఆలోచనను ఆ నగరం అమలు చేయడం మొదలుపెట్టింది. అనుకున్న 503 సూపర్‌బ్లాకులూ పూర్తయితే ఏడాదికి 667 అకాల మరణాలను నివారించవచ్చని 2020లో పరిశోధకులు అంచనా వేశారు. ఇంత బలమైన ఆధారం ఉన్న ఆలోచన కూడా 2016లో పోబ్లెనౌ ప్రాంతంలో ఆచరణలోకి వచ్చినప్పుడు కొందరు స్థానికుల నిరసనను ఎదుర్కొంది. ఆ తర్వాత నగరం వారితో మాట్లాడి మార్పులు చేసుకుంటూ ముందుకు సాగింది. పరిశోధకులూ అధికారులూ ఏకాభిప్రాయానికి వచ్చి, ఆ తర్వాత ప్రజలకు తెలియజేస్తే సరిపోతుందనుకోవడం కూడా వరుస తప్పడమే.

ఇక ఈ సహకారాన్ని నిలబెట్టడం ఎలాగన్నది మిగిలింది. వ్యక్తుల మధ్య స్నేహం మీద ఆధారపడిన సహకారం ఒక బదిలీ ఉత్తర్వుతో ముగిసిపోతుంది. ఉత్సాహవంతుడైన కమిషనర్ వెళ్లిపోయాక కొత్తగా వచ్చినవారికి మొదటి నుంచి అన్నీ వివరించాల్సి వస్తుంది, ఈలోగా పరిశోధన నిధుల గడువు దాటిపోతుంది. అందుకే ఇది పదవిలో ఉన్నవారి అభిరుచికి వదలకుండా వ్యవస్థలో భాగం కావాలి. ఇంగ్లండ్‌లో 2013 నుంచి ప్రజారోగ్య బాధ్యత స్థానిక మండళ్లకు వచ్చింది. చాలాచోట్ల ప్రజారోగ్య డైరెక్టరూ, ప్రణాళిక అధికారీ ఒకే సంస్థలో పనిచేస్తారు. 2022లో అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ మరో అడుగు వేసి, పరిశోధన విభాగాలను విశ్వవిద్యాలయాల్లో కాకుండా స్థానిక మండళ్లలోనే నెలకొల్పడానికి నిధులు ఇచ్చింది. థాయిలాండ్ 2007లో చేసిన జాతీయ ఆరోగ్య చట్టం, ఒక ప్రభుత్వ విధానం ఆరోగ్యంపై చూపే ప్రభావాన్ని మదింపు చేయాలని కోరే హక్కును ప్రజలకు ఇచ్చింది. ఈ రెండు మార్గాలూ ఒకదానికొకటి తోడయ్యేవే అని నా అభిప్రాయం. లోపల పనిచేసే పరిశోధకుడు ప్రశ్నను సకాలంలో గుర్తిస్తాడు, బయటి నుంచి అడిగే హక్కు ఉన్న పౌరుడు ఆ ప్రశ్న మరుగున పడకుండా చూస్తాడు.

మాస్టర్ ప్లాన్ల తయారీకి, సవరణకు సిద్ధమవుతున్న నగరపాలక సంస్థలను నేను కోరేది ఇదీ. సలహా సంస్థల ఎంపికకు ప్రకటన ఇవ్వకముందే ఒక విశ్వవిద్యాలయంతోనో, వైద్య కళాశాలతోనో లిఖితపూర్వక ఒప్పందం చేసుకోండి. మొత్తం ప్రణాళిక కాలానికి వర్తించేలా, అధికారులు మారినా చెల్లేలా దాన్ని రాయండి. ఏ వార్డులో ఎవరు ఎంత నడుస్తున్నారు, ఏ వీధిలో వేడి, ధూళి, చప్పుడు ఎంత ఉన్నాయి, ఏ ఆసుపత్రికి ఏ జబ్బుతో ఎందరు వస్తున్నారు అన్న వివరాలను, వ్యక్తుల గోప్యతకు భంగం రాకుండా, పనులకు ముందే నమోదు చేయించండి. ఫలితాలు అనుకూలంగా ఉన్నా లేకపోయినా ప్రచురించే స్వేచ్ఛ పరిశోధకులకు ఉందని ఆ ఒప్పందంలోనే స్పష్టం చేయండి. ప్రతికూల ఫలితాన్ని ముందుగా చదివి స్పందించే వ్యవధి అధికారులకు ఇవ్వడం కూడా అంతే సమంజసం. పరిశోధకులు సైతం పదేళ్లు ఒకే నగరంతో ఉండే ఓపిక చూపాలి, ఆ పనిని పదోన్నతులకు అర్హతగా గుర్తించే బాధ్యత విశ్వవిద్యాలయాలు తీసుకోవాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఏదైనా పట్టణ ప్రాజెక్టు ఆమోదం పొందినప్పుడు దాని వ్యయం, గడువు, శంకుస్థాపన తేదీ మీరు తప్పక రాస్తారు. పని మొదలుపెట్టేముందు ఆ ప్రాంతవాసుల ఆరోగ్యానికి సంబంధించి ఏమేం కొలిచారు, ఎవరు కొలిచారు, పూర్తయ్యాక మళ్లీ ఎప్పుడు కొలుస్తారు అన్న ప్రశ్నలను కూడా మీ విలేకరులు సంబంధిత అధికారిని అడిగి, వచ్చిన జవాబును అదే వార్తలో ప్రచురించాలని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు